సంతకానికి ముందు సభ

గ్రామసభ పాఠం చెప్పాలంటే నాకు ఏటా ఒళ్ళు మంటే. పుస్తకంలో ఉన్నదానికీ ఊళ్ళో జరిగేదానికీ పొంతన ఉండదు. పిల్లలేమో బట్టీ పట్టి, పరీక్షలో రాసేసి, మరిచిపోతారు. కళ్యాణదుర్గం దగ్గరి మా హైస్కూల్లో ఆ ఏడు మాత్రం ఈ పాఠం నేనొక్కదాన్నే చెప్పకూడదనుకున్నాను. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఊళ్ళో ఉన్నారు, యూనియన్ మీటింగుల్లో పండిపోయిన మనిషి. ఇంకొకామె పంచాయతీ వార్డు మెంబరు, వేరుశనగ చేలల్లో కూలికి పోతుంది. ఇద్దరినీ బతిమాలి బడికి రప్పించాను.

తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి మా పంచాయతీలోదే అయిన పక్క పల్లె నుంచి నడిచి వచ్చేది. సాయంత్రం బస్సు ఆ దారినే పోతుంది గానీ బడి దగ్గర ఆగదు. సాయంత్రం పూట ఒంటరిగా నడిచి రావద్దని, బస్సు సంగతి తేలకపోతే దసరా తర్వాత బడి మాని చేనికి రమ్మన్నాడట వాళ్ళ నాయన. ఆ మాట చెబుతూ పిల్ల ఏడవలేదు, నాకే ఏడుపొచ్చింది. బడిలో పెట్టే నమూనా గ్రామసభకు ఆ సమస్యనే ఎంచుకున్నాం.

ఆ రోజు వరండాలో పిల్లలంతా కూర్చున్నారు. కార్యదర్శిగా నిలబడిన పిల్ల సభ మొదలు కాకముందే తెల్లకాగితం పట్టుకుని అందరి చేతా సంతకాలు పెట్టించుకుంటోంది. ఇదేమిటని పెద్దాయన అడిగితే, తెలియదా అన్నట్టు చూసింది.

"సభంటే ఇదే కదా సార్. పంచాయతీవాళ్ళు మా ఇంటికాడికి ఇట్లనే సంతకాలకు వస్తారు."

నేను నోరెళ్ళబెట్టాను. ఇన్నేళ్ళు నేను చెప్పిన పాఠం గాలికి పోయిందన్నమాట! మెంబరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తను కూడా సభ జరగకుండానే అట్లాగే సంతకాలు పెడుతూ వచ్చానని పిల్లల ముందే చెప్పింది. అలా చెప్పడానికి ఎంత గుండె కావాలి! పెద్దాయన ఆ కాగితం పక్కన పెట్టించి, ముందు మాట్లాడాలి, తర్వాత చేతులెత్తాలి, రాసింది పైకి చదవాలి, సంతకం అన్నిటికంటే చివర అని ఓపిగ్గా నేర్పించాడు. పిల్లల కంటే మెంబరమ్మే ఎక్కువ ప్రశ్నలు వేసింది.

కొన్నాళ్ళకు అసలు గ్రామసభ వంతు వచ్చింది. ఎప్పటిలాగే పంచాయతీ మనిషి సభ తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం తీసుకుని మెంబరమ్మ కలుపు తీస్తున్న చేనికే పోయాడు. ఆమె పెన్ను ముట్టలేదట.

"సభ యాడ జరిగిందప్పా? నేను ఈడ కలుపు తీస్తాండా కదా. జరిగేటప్పుడు పిలువు, వచ్చి పెడతా."

ఈ మాట ఊరంతా పాకింది. మిగతా మెంబర్లూ మొండికేశారు. సర్పంచ్ మొదట చిందులు తొక్కినా, చివరికి పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించక తప్పలేదు. ఆ రోజు పక్క పల్లె నుంచి నడిచొచ్చే మా పిల్ల లేచి బస్సు గురించి మాట్లాడింది. వాళ్ళ నాయన వెనక గోడకు ఆనుకుని వింటున్నాడు. అందరూ చేతులెత్తారు, బస్సు బడి దగ్గర ఆపాలని డిపోకు పంపే తీర్మానం రాశారు. పుస్తకం తిరిగి తిరిగి పిల్ల నాయన దగ్గరికి వచ్చింది.

వేలిముద్రకు ఇంకు ప్యాడ్ ముందుకు తోశారు. ఆయన చెయ్యి చాపలేదు.

"నాకు చదువు రాదు. మా పాప చదివి చెప్పినాక వేస్తా."

పిల్ల పుస్తకం తీసుకుని ప్రతి మాటా పైకి చదివింది. ఆయన కడదాకా విని వేలిముద్ర వేశాడు. ఇంత చేసినా బస్సు ఆగకపోతే ఏం చేస్తావని సర్పంచ్ ఎకసెక్కంగా అడిగాడు.

"ఆగేదాకా సాయంత్రం నేనే వచ్చి పిల్చుకపోతా," అన్నాడు ఆయన. "బడి మాత్రం మాన్పించను. ఇట్లాంటివి చదివేదానికి ఇంట్లో ఒకరుండాల."