ఎర్ర గుడ్డ దగ్గర ఆగిపోయిన నాన్న

మేము బెంగాల్‌లో, హౌరా దగ్గరి సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాం. నాన్న ముప్పై ఏళ్లు రైలు పట్టాలు చూసుకునే ట్రాక్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఇంజనీరింగ్ చదివాను, ఏ పనికైనా ముందు జాబితా రాసుకుంటాను.

మొన్న చలికాలంలో ఇద్దరం పురూలియా కొండలకు వెళ్లాం. రాతి లోయలో మూడు కిలోమీటర్లు నడిస్తే చివర చిన్న జలపాతం ఉంది. తిరిగొచ్చేటప్పుడు దారి తప్పకూడదని, జాబితాలో ఏడో అంశం ప్రకారం, ప్రతి మలుపులోనూ పొదలకు ఎర్ర గుడ్డ ముక్కలు కడుతూ ముందు నడిచాను. నాన్న నెమ్మదిగా వెనక వస్తానన్నారు.

నేను జలపాతం చేరి అరగంటైనా ఆయన రాలేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. ఆయనకు బీపీ ఉంది. ఎక్కడ పడిపోయారోనని వెనక్కి పరుగెత్తాను.

లోయ మొదట్లో నేను కట్టిన మొదటి ఎర్ర గుడ్డ దగ్గరే, బండ మీద, నాన్న కూర్చుని ఉన్నారు. పక్కనే రెండు బెంగాలీ కుటుంబాలు కమలాపళ్లు ఒలుచుకుంటున్నాయి.

"ఏటి నాన్నా, ఇక్కడే ఉండిపోనావు?"

"నువ్వే కదరా ఎర్ర జెండా కట్టినావు! ముందర ఏటో ప్రమాదముందని ఆగిపోనాను. ఈళ్లనీ ఆపీసినాను."

నేను గుడ్డ విప్పేదాకా ఆయన లేవలేదు. లేచాక చెయ్యి ఊపి అందరినీ వరసగా పంపించి, చివరన తాను కదిలారు.

ఎరుపు దూరానికి బాగా కనిపిస్తుందని మాత్రమే నేను ఆలోచించాను. చూసేది నాన్న అని ఆలోచించలేదు.