గార్డుగారు నా చేత చదివించిన రాజీనామా

గార్డుగారు పోయారని నాకు చెప్పింది పెంచలయ్య. నాలుగు నెలలుగా నా నంబరు కనిపిస్తే ఫోను ఎత్తని మనిషి ఆ పొద్దున తనే చేశాడు. "గార్డుగారు పోయినారన్నా. కాఫీ తాగి కూర్చున్నోరు కూర్చున్నట్టే ఒరిగిపోయినారు," అన్నాడు. నేను ఇంకేదో అడిగేలోగా పెట్టేశాడు. నేను పొలం గట్టు మీదే చతికిలబడ్డాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు సిగ్గేసింది. ఎందుకో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆయన గూడ్సు బండ్ల గార్డుగా బిట్రగుంటలో రిటైరయ్యారు. రైల్వే కాలనీ పక్కనే ఇల్లు కట్టుకుని, రోజూ పొద్దున్నే వచ్చి మా పార్టీ మండల ఆఫీసు తలుపు తీసేవారు. ఏ పదవీ లేదు, ఇస్తామన్నా తీసుకోలేదు. యువజన విభాగంలో మేమందరం ఆయన దగ్గర మాట్లాడటం నేర్చుకున్నవాళ్ళమే. ఎవరి ఉపన్యాసమైనా సాగిపోతుంటే చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టేవారు. అంతే, ఒక్క మాట అనేవారు కాదు. ఆ గడియారం చూసి జిల్లా నాయకులు కూడా తడబడి మైకు వదిలేయడం కళ్ళారా చూశాను.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. మీటింగులో ఏ తీర్మానం చేసినా, దాన్ని గట్టిగా కాదన్నవాడి చేతే అందరి ముందు చదివించేవారు. ఒకసారి నాకు బొత్తిగా నచ్చని తీర్మానం నా చేతికే ఇచ్చారు. నేను మొహం మాడ్చుకున్నాను.

"ఒప్పుకోమనలా అబ్బయా, చదవమన్నా. నీ నోటితో చదివితే అవతలోడి మాట నీకు వినపడతాది," అన్నారు.

మొదట్లో మాకిది ముసలాయన చాదస్తంలా ఉండేది. పక్క మండలాల్లో ఫ్లెక్సీ మీద ఫోటో చిన్నదైందని తలలు పగలగొట్టుకునే రోజుల్లో కూడా మా దగ్గర అలిగి వెళ్ళిపోయినవాడు ఒక్కడూ లేడు. అదంతా నా నాయకత్వం గొప్పని నేననుకున్నాను. అధ్యక్షుణ్ణి నేనే కదా మరి.

మా మండలంలో రైలు పట్టాలకు పడమట వరి పండించే మా ఊళ్ళు, తూర్పున సముద్రం ఒడ్డున చేపల వేటకు పోయేవాళ్ళ పల్లెలు, వాటిని కుప్పాలంటాం. పెంచలయ్య కుప్పం మనిషి, ఉపాధ్యక్షుడు. తుఫానుకు కొట్టుకుపోయిన కుప్పం రోడ్డు కోసం తహసీల్దారు ఆఫీసు ముందు ధర్నా చేద్దామన్నది నా ఆలోచన. తేదీ కూడా నేనే పెట్టాను. మీటింగు లేదు, చదివించడం లేదు. వాట్సాప్ గ్రూపులో పెట్టేసి, నాలుగు బొటనవేళ్ళు పడగానే పని అయిపోయిందనుకున్నాను. పెంచలయ్య రెండుసార్లు ఫోను చేస్తే షామియానా పనిలో ఉండి ఎత్తలేదు.

వేసవిలో రెండు నెలలు చేపల వేట నిషేధం ఉంటుంది. నేను ధర్నా పెట్టింది సరిగ్గా ఆ నిషేధం ఎత్తేసిన రోజున. ఒడ్డున పడి ఉన్న బోట్లన్నీ ఆ పొద్దున సముద్రంలోకి దిగాయి. కుప్పాల నుంచి ఒక్కరూ ధర్నాకు రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి రోడ్డు కోసం మేం ఎండలో కూర్చున్నామో వాళ్ళు ఇళ్ళల్లో గుర్రుపెట్టి నిద్రపోతున్నారని మైకులో అనేశాను. మావాడొకడు దాన్ని వీడియో తీసి గ్రూపులో పెట్టాడు.

మూడో రోజు వేట నుంచి తిరిగొచ్చి వాళ్ళు ఆ వీడియో చూశారు. సాయంత్రానికి ఆఫీసు ముందు బైకులు వరసగా ఆగాయి. మావాళ్ళు జెండాలు ఊడబీకి కర్రలు చేతికి తీసుకున్నారు. గార్డుగారు లేచి, తన కుర్చీ ఈడ్చుకెళ్ళి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. ఎవరు ఎటు కదలాలన్నా ఆయన్ను తోసుకుని పోవాలి. పెంచలయ్య ఆయన చేతిలో ఒక ఉత్తరం పెట్టాడు. కుప్పాల కార్యకర్తలంతా సంతకాలు చేసిన రాజీనామా. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఆసాంతం చూసి, నా వైపు చాచారు.

"నువ్వు చదువు," అన్నారు.

చదివాను. "మా రోడ్డు కోసం ధర్నా అన్నారు. మమ్మల్ని అడగలేదు. మేము ఏ రోజు సముద్రంలో ఉంటామో మా అధ్యక్షుడికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు." చివరిదాకా చదివి కాగితం మడిచాను. ఒక్క మాట అంటే అప్పుడే అంతా సర్దుకునేది. వెనక మావాళ్ళు చూస్తున్నారని అనలేదు. పెంచలయ్య నా మొహం చూసి బండి తిప్పుకుని పోయాడు.

కుప్పాలకు వేరే కమిటీ వేసేస్తామని జిల్లా ఆఫీసు వాళ్ళన్నారు. గార్డుగారు బతిమాలి, మేం రాజీపడటానికి గడువు తెచ్చారు. నా తరఫున మీరు వెళ్ళి మాట్లాడండని అడిగితే ఒప్పుకోలేదు. "నీ తప్పు నేను మోసుకోని పోతే ఆడ నా మొహం చూస్తారే గాని నీది చూడరు," అన్నారు. పోతానన్నాను. నారుమళ్ళన్నాను, వానలన్నాను. ఆయన పోవడానికి వారం ముందు చూడటానికి వెళ్ళేసరికి కాళ్ళు వాచి మంచం మీద ఉన్నారు. "పోయినావా?" అని అడిగారు. రేపు పోతానన్నాను. నమ్మినట్టే తల ఊపారు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించడం లేదు.

పార్టీ మనిషి పోతే శవం మీద జెండా కప్పడం మా ఆనవాయితీ. గార్డుగారు క్రైస్తవులు, కాబట్టి శవపెట్టె మీద కప్పాలి. సమాధుల తోటకు నేనొక జెండా తీసుకుని వెళ్ళేసరికి, పెట్టెకు అవతల పెంచలయ్య అదే పార్టీ జెండా ఇంకొకటి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాస్టరుగారు ప్రార్థన ముగించి మా ఇద్దరి వంకా చూశారు. రెండు వైపులా మనుషులు దగ్గరకు జరిగారు. గార్డుగారి భార్య కుర్చీలోంచి తలెత్తారు.

"రెండెందుకు నాయనా, ఆయన ఉన్నింది ఒక్క పార్టీలోనే గదా," అన్నారు.

నా జెండా మడిచి చంకలో పెట్టుకున్నాను. వెనక నుంచి ఎవరో నా చొక్కా లాగారు. నేను తిరగలేదు. పెంచలయ్య కప్పుతుంటే జెండా ఒక కొస గాలికి లేస్తోంది. ఆ కొస నేను పట్టుకున్నాను.

గేటు దగ్గర అందరూ వింటుండగానే అన్నాను. "ఆ రోజు మీరు వేటలో ఉండారు. తెలుసుకోకుండా నోరు పారేసుకున్నా. తప్పు నాదే పెంచలా." నాలుగు నెలలు నోరు దాటని మాట ఇంతే. గార్డుగారు బతికుండగా అనవలసింది.

పెంచలయ్య బండి తాళం తిప్పబోయి ఆగాడు. "రోడ్డు ఇంకా అట్నే ఉండాదన్నా," అన్నాడు.

మళ్ళీ ధర్నాకు కూర్చుందాం, ఏ రోజు పెట్టాలో నువ్వే చెప్పమన్నాను. అతను తూర్పుకు తిరిగి, అక్కడి నుంచి కనపడని సముద్రం వైపు చూస్తూ వేళ్ళు మడుచుకుంటూ బోట్లు ఒడ్డున ఉండే రోజుల లెక్క మొదలుపెట్టాడు. పౌర్ణమి అని గొణిగి, కాదని తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటి వేలికి వచ్చాడు. నేను పక్కనే నిలబడ్డాను.