రోము గుడిలో నా కర్పూరం

"కర్పూరం తెచ్చినావా మే?"

"నోరు మూసుకో మామా. నవ్వితే దగ్గొస్తాది."

వేలూరు ఆసుపత్రిలో మేమిద్దరం కడాకు మాట్లాడుకున్న మాటలు ఇవే. పొయ్యేటప్పుడు గూడా నన్ను ఎగతాళి చేసే పొయ్యినాడు మా ఇంటాయన, మేస్త్రి. ఆ కర్పూరం కత చెప్తాను, రాసుకో సుమతీ. మన ఇంట్లో తెలుగు రాసేది వచ్చిన కోడలివి నువ్వొక్కదానివే గదా. చదివేవాళ్ళు కడుపు పట్టుకోండి. పరాయి దేశం జనాన్ని రోడ్డు మీదికి తరిమిన మొనగత్తెను నేను!

మా పాప ఇటలీలో నర్సు. దాని కాన్పుకని పోయినాము. మా ఊరు గుడియాత్తంలో సగం ఇండ్లు కట్టిన మేస్త్రి, సిమెంటు దుమ్ము రొమ్ముకు పట్టి, నాలుగు మెట్లెక్కితే పాత సైకిలు పంపు మాదిరి ఈలేస్తా ఉండె. ఏ గుడి కనపడినా ఆయన ఊపిరి కోసరం హారతిస్తానని మొక్కుకున్నా. కొంగు ముడిలో కర్పూరం, పాప వంటింటి అగ్గిపెట్టె ఎప్పుడూ ఉంటాయి.

ఒక దినం అల్లుడు రోములో పాత గుడి చూపిస్తానని పిల్చుకోని పోయినాడు. చూస్తే ఆఫీసు మాదిరి కట్టడం. లోపలికి పోతే, ఆ గోడల నడాన గుడి స్తంభాలు! వేలూరు కోట గోడ మీద ఇంకో కోట గోడ నిలబెట్టినంత ఎత్తు.

మేస్త్రి స్తంభాన్ని తడిమి, "గుడిని పడగొట్టకుండా చుట్టూ కట్టుకున్నాడే, వాడప్పా మేస్త్రి!" అన్నాడు.

"దేవుడు యాడ?" అన్నా నేను.

"లేడత్తా. ఎప్పుడో పోయినాడు" అన్నాడు అల్లుడు.

"ఊరికి పోయింటాడులే, వస్తాడు" అన్నాడు మేస్త్రి, రొప్పతా.

అల్లుడు అటు తిరిగినాడో లేదో, స్తంభం మొదట్లో కర్పూరం ముట్టించినా. పైనుంచి మొదలైంది చూడు అలారం, నూరు నక్కలు ఒక్కసారి ఊళేసినట్టు! జనమంతా తలుపు కాడికి పరుగు. గుడిని మింగేవాళ్ళను చూసుంటారు గానీ, గుడిని ఖాళీ చేయించినదాన్ని ఆ ఊరోళ్ళు నన్నే చూసినారు. కావలాయన కేకలేస్తా వస్తా ఉండాడు.

"ఆర్పు అత్తా! పోలీసోళ్ళొస్తారు!"

"ఉండప్పా" అన్నాడు మేస్త్రి.

అందరూ బయటికి పరిగెత్తతా ఉంటే, ఆయన ఒక్కడే నిదానంగా వంగి, రెండు చేతులూ మంట మీద పెట్టి కండ్లకద్దుకున్నాడు. సున్నం తిని రాయైపోయిన ఆ అరచేత్తోనే మూసి ఆర్పేసినాడు.

"దేవుడు రాకపోతే ఏమి మే, ఊరంతా లేసొచ్చింది గదా!" అని నవ్వినాడు, దగ్గినాడు, మళ్ళా నవ్వినాడు.

ఏడుకొండలవాడి మీద ఒట్టు, దేవుడు లేని చోట ఇంక కర్పూరం ముట్టించను. మేస్త్రి పటం ముందర దినామూ ముట్టిస్తా ఉండావే అంటావా? అది వేరే సుమతీ. ఆయన ఊరికి పోయింటాడు.

సరే, మొదట్నుంచి చదువు. ఆయన మాట వచ్చిన కాడ మెల్లిగా చదువు.