వీపుతో తోసి చూసిన తలుపులు

ఆయన కట్టిన కోర్టునీ, ఆసుపత్రినీ, గ్రంథాలయాన్నీ ఊరు గొప్పగా చూపించుకుంటుంది. పనిచేసిన మాకు మాత్రం ఆయన తలుపుల సారు. ఏ భవనమైనా అప్పగించే ముందు చేతులు కట్టుకుని, వెనక్కి తిరిగి, ప్రతి తలుపునూ వీపుతో తోసేవాడు. బయటికి తెరుచుకోకపోతే ఊడదీయించేవాడు. “సారుకి వీపు దురద, ఇంట్లో గోకేవాళ్లు లేరు” అని వడ్రంగులం నవ్వుకునేవాళ్లం.

అది దురద కాదు. ఆయన పుట్టిన దేశంలో, కాలేజీ రోజుల్లో, ఒక సభ మీద సైనికులు కాల్పులు జరిపారు. జనం తలుపు మీద పడ్డారు. అది లోపలికి తెరుచుకునే తలుపు. వెనకున్నవాళ్లు తోస్తుంటే ముందున్నవాళ్లు లాగలేకపోయారు. ఆయన అక్క నిలబడే చచ్చిపోయింది. పడటానికి కూడా చోటు లేదు. శవాల కిందనుంచి పాకి బయటపడి, సరిహద్దు దాటి వచ్చి, ఇక్కడ ఇటుకలు మోశాడు. పగలు మోస్తూనే చదివి ఆర్కిటెక్టు అయ్యాడు.

ఇక్కడా గొడవలు మొదలయ్యాయి. బయటి దేశాలవాళ్ల దుకాణాలు తగలబెట్టారు. పిల్లాపాపలతో వాళ్లంతా గ్రంథాలయంలో తలదాచుకున్నారు. సారూ, ఆయన భార్యా వాళ్లతోనే ఉన్నారు. నేను అక్కడే బల్లలు బాగుచేస్తున్నాను. మధ్యాహ్నం గుంపు వచ్చి, వాచ్‌మన్‌ని మెట్ల మీదే కొట్టి చంపింది. ముందు తలుపు మీద పడింది. లోపల గడియ వేసి ఉంది, పైగా బయటికి తెరుచుకునే తలుపు కాబట్టి వాళ్లు తోసేకొద్దీ చట్రానికి బిగుసుకుంది. దాంతో కిటికీల్లోంచి పెట్రోలు సీసాలు విసిరారు. పుస్తకాలు అంటుకున్నాయి.

అందరూ వెనక తలుపుకి పరిగెత్తారు. పుస్తకాలు పోతున్నాయని గ్రంథాలయం అధికారి దాని రెండు రెక్కల లోపలి పిడులకీ గొలుసు చుట్టించి తాళం వేయించింది. తాళంచెవి చచ్చిన వాచ్‌మన్ జేబులో ఉంది.

పొగ కమ్ముకుంది. వెనకనుంచి జనం తోసుకొస్తున్నారు. ఆయన రెండు అరచేతులూ తలుపుకి ఆనించి, జనాన్ని వీపు మీద ఆపాడు.

“మేస్త్రీ, కిందకి దూరు. గొలుసు జోలికెళ్లకు. పిడి ఊడదియ్యి.”

ఆయన చేతుల మధ్య దూరాను. స్క్రూలు తిప్పుతుంటే నా నెత్తిమీదే ఎముకలు విరిగిన చప్పుడు. వెనకెక్కడో ఆయన భార్య, “ఏమండీ, ఉన్నారా?” అని పిలుస్తూనే ఉంది. పలకడానికి ఆయనకు ఊపిరి లేదు.

“ఉన్నారమ్మా” అని నేనే చెప్పాను.

పిడి ఊడింది. తలుపు బద్దలైనట్టు తెరుచుకుంది. జనం మమ్మల్ని తొక్కుకుంటూ సందులో పడ్డారు. అక్కడ రాడ్డుతో కాచుకున్నవాడొకడు ఆయన్ని గుర్తుపట్టాడు. “ఎక్కడినుంచో ఊడిపడి మా ఊరికి గోడలు కడతావా?” అంటూ కుడిచేతిని నేలకేసి చితగ్గొట్టాడు. ఆయన భార్య ఇటుక అందుకుని వాడి దవడ పగలగొట్టింది.

లోపలున్నవాళ్లంతా బతికారు. ఆయన కుడిచేయి మళ్లీ పెన్సిల్ పట్టలేదు. గ్రంథాలయాన్ని తిరిగి కట్టేటప్పుడు ఆయన చెబుతుంటే భార్య గీసింది. తలుపులకి లోపలివైపు పిడి లేదు, నున్నటి చెక్క అంతే. అధికారి వచ్చి, పిడి మర్చిపోయారా అని అడిగింది.

“గొలుసు ఎక్కడ కడతావో చూపించమ్మా” అన్నాడు.

ఆయన వెనక్కి తిరిగాడు. పనికిరాని చేతిని ఎడమచేత్తో ఛాతీకి అదుముకుని, సరిగా అతకని వీపు ఎముకలతోనే తోశాడు. ముఖం పాలిపోయింది. తలుపు తెరుచుకుంది. చెమట తుడుచుకుని రెండో తలుపు దగ్గరికి నడిచాడు.