అక్కకు మిగిలిన ఎనిమిది అంగుళాలు

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఈసారి మాత్రం ఆ మంట మా అక్కకు తగిలింది. అదీ ఒక ఆటపెట్టె దగ్గర, నేను నా చేతులతో చేసిన పెట్టె దగ్గర.

చదువుకునే రోజుల్లో మార్కాపురం బస్టాండు వెనక సందులో ఒక వీడియో గేముల దుకాణం ఉండేది. బడి వదిలాక మా ఊరి బస్సు వచ్చేలోపు నేను అందులో దూరి జాయ్‌స్టిక్ కర్ర పట్టుకునేవాణ్ణి. నాకంటే రెండేళ్లు పెద్దదైన అక్క ఇద్దరి సంచులూ పట్టుకుని బయట నిలబడేది. ఆడపిల్లలు లోపలికి రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, అయినా ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఒకరోజు అక్క గడప దాకా వచ్చి, "నాకొక్కసారి ఇయ్యిరా, ఆ కర్ర పట్టుకోవాలనుంది" అంది. తోటి పిల్లలు నవ్వుతారని నాకు భయం. "పెద్దయినాక మనింట్లోనే ఒకటి పెడ్తాలే. అప్పుడు ముందు ఆట నీదే" అన్నాను. పిచ్చిది, నమ్మింది.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పని. నిరుడు ఎండాకాలం ఒక పాత కంప్యూటరు, ఒక పాత టీవీ చేతికొచ్చాయి. కర్రలూ బటన్లూ ఆన్‌లైన్‌లో తెప్పించి, ముగ్గురు పక్కపక్కన నిలబడి ఆడే పెట్టె మొదలుపెట్టాను. నేను, అక్క, బావ. అక్కకు ఫోన్ చేసి చెబితే, గిద్దలూరులో కుట్టుమిషను ఆపి మరీ విన్నది. "ముందు ఆట నాదే కదరా, మర్చిపోయినావేమో" అంది. ముప్పై ఏళ్ల కిందటి మాట. "నీదే అక్కా" అన్నాను.

పెట్టె అంతా చెక్కతోనే చేశాను. చేతుల కింద ఉండే బల్ల మాత్రం రాయిదే కావాలని నా పట్టు. మార్కాపురం వాడికి గడపకైనా గూటికైనా ముందు రాయే గుర్తొస్తుంది, ఏం చేస్తాం. మూడడుగుల నల్లరాయి, ఎక్కడా గీత లేనిది ఏరి తెచ్చుకున్నాను. దాని మీద ఒక్కొక్కరికి ఎడమ పక్క కర్ర, కుడి పక్క ఆరు బటన్లు. ఒకరి బటన్ల నుంచి పక్కవాళ్ల కర్రకు ఎంత ఎడం ఉండాలన్నదే అసలు పని. చెక్కకైతే బెజ్జం తప్పు పడినా పూడ్చి పక్కన ఇంకోటి వేసుకోవచ్చు. రాయి అట్లా ఒప్పుకోదు, పొర లేచి రెండుగా విడిపోతుంది. ఇది నాకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

ఫ్యాక్టరీలో బండ కోసేటప్పుడు ముందు పెద్ద సైజులు తీస్తాం. మిగిలినదాంట్లో చిన్న సైజు ఎంత వస్తే అంత. పాతికేళ్లుగా చేతికి పడిన అలవాటు. బావ పొదిలికి పనిమీద పోతూ మా ఇంట్లో ఆగితే రాయి ముందు నిలబెట్టి కొలిచాను. భారీ మనిషి, పదిహేను అంగుళాలు పట్టాడు. నాకు పదమూడు. ఇంక మిగిలింది ఎనిమిది, గోడ వైపు చివరన. అది అక్కకు గీశాను.

"వదినను కూడా ఒకసారి నిలబెట్టి చూసుకుంటే పోలా" అంది నా భార్య.

"అక్క సన్నం, సర్దుకుంటాదిలే. నీకేం తెలుసని" అని కసిరాను. నా నోరు అంతే, ముందు అరుస్తుంది, తర్వాత ఏడుస్తుంది. ఆ సాయంత్రమే నీళ్లు పోస్తూ బెజ్జాలు వేసేశాను.

ఆదివారం చర్చి అయ్యాక అక్కా బావా బస్సులో వచ్చారు. అక్క చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి నిలబడింది. "ముగ్గురం ఒకేసారి మొదలుపెడదాం బామ్మర్దీ, మజా ఉంటాది" అన్నాడు బావ. ముందు ఆట అక్కదని నాకు గుర్తే. అయినా సరేనన్నాను. అక్క కర్ర పట్టుకోగానే బావ మోచెయ్యి ఆమె చేతికి తగిలింది. ఆమె కుడి చెయ్యి గోడకు ఒరుసుకుంది. బావ ఆటలో మునిగిపోయి మళ్లీ తగిలించాడు, మళ్లీ.

"కొంచెం అట్ల జరుగు" అన్నాడు తెర మీంచి కళ్లు తీయకుండా.

"ఎక్కడికి జరగాల" అంది అక్క.

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. "ఒక్క ఆట సర్దుకో అక్కా" అన్నాను.

అక్క కర్ర వదిలేసింది. తన భాగం మీద చెయ్యి పరిచి కొలిచింది, ఒక్క జానకే అయిపోయింది. పక్కనున్న బావ భాగం వైపు చూసింది. "జాకెట్టు ముక్క కోయాలన్నా మనిషిని నిలబెట్టి కొలుస్తానురా నేను. నా కొలత ఎవరు తీసుకున్నారు" అంది. గొంతులో కోపం కూడా లేదు. "మీరు ఆడుకోండి, టీ పెడ్తా" అని వంటింట్లోకి పోయింది. మేమిద్దరం ఆడాం కూడా, సిగ్గులేకుండా.

వారం గడిచాక, టేపు జేబులో వేసుకుని గిద్దలూరు పోయాను. అక్క మిషను మీంచి లేచి, నేను చెప్పినట్టే నిలబడి చేతులు చాపింది. పద్నాలుగు అంగుళాలు. బావకంటే ఒక్కటే తక్కువ. ఈ కొలతతో కొత్త బల్ల చేస్తానన్నాను.

"చెయ్యిరా, బాగుంటాది" అంది. "నాకు మాత్రం ఆడబుద్ధి పోయింది. ఆ రోజు వస్తా ఉంటే కంభం దాటేదాకా బస్సులో సంచి మీద ఉత్తుత్తి బటన్లు నొక్కుకుంటా కూర్చున్నానురా, చిన్నపిల్ల మాదిరి. మళ్ల ఆ సంబరం రాదు." టీ తాగిపొమ్మని చెప్పి మళ్లీ మిషను ముందు కూర్చుంది.

అయినా మూడున్నర అడుగుల చెక్కబల్ల చేశాను. అక్క చోటు ముందు గీసి, మిగిలింది బావా నేనూ పంచుకున్నాం. బావ అప్పుడప్పుడు ఆదివారాలు వస్తాడు. అక్క కూడా వస్తుంది, నా భార్యతో కబుర్లు చెప్పుకుంటుంది, పెట్టె దగ్గరికి రాదు. ఆట మొదలయ్యే ముందు మూడో మనిషి కోసం తెర మీద పది నుంచి అంకెలు దిగుతాయి. ప్రతిసారీ "అక్కా" అని పిలుస్తాను. "మీరు కానియ్యండి" అంటుంది లోపలి నుంచి. సున్నా పడగానే ఆట మా ఇద్దరితోనే మొదలైపోతుంది. అది ఆగేది పది అంకెలే. మా అక్క బస్టాండు వెనక ఇద్దరి సంచులతో ఎన్ని సాయంత్రాలు ఆగిందో నేను ఏనాడూ లెక్కపెట్టలేదు.