సెలవు రోజు ట్రే, ఒక గుండుసూది

మా అత్తయ్య పిరికి మనిషి. ఈ మాట చాటుగా అనడం లేదు, ఆవిడ మొహం మీదే వందసార్లు అన్నాను. తలుపు గడియ పెట్టి, పక్క మీద నడుం వాల్చి, మళ్ళీ లేచి వెళ్ళి గడియ లాగి చూసి వస్తుంది. గ్యాస్ కట్టేసిన చేత్తోనే మళ్ళీ తడిమి చూస్తుంది. మావయ్య లిఫ్టు మెకానిక్కుగా పని చేసి రిటైరయ్యారు. ఆయన భార్య మాత్రం ఈనాటికీ లిఫ్టు ఎక్కదు. ఐదో అంతస్తు అయినా సరే, ఆయాసపడుతూ మెట్లే. "నా పనితనం మీద ఈవిడకున్న నమ్మకం అలాంటిది" అంటారు మావయ్య, వచ్చినవాళ్ళందరితో.

ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ కుట్టు మిషను ఉంటుంది. కిటికీకి మిషనుకి మధ్య ఒక మనిషి పక్కకి తిరిగితేనే పట్టేంత చోటు. పెళ్ళి కాకముందు స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో పని నేర్చుకుంది. అక్కడ అంటుకున్నదే ఆ అలవాటు, గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకోవడం. నాలుగైదు నోట్లో బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కోటీ తీసి గౌను అంచుకి గుచ్చుతుంది. వాటితోనే మాట్లాడుతుంది, వాటితోనే తిడుతుంది. ప్రపంచంలో ఉన్న ప్రతిదానికీ బెదిరే మనిషికి ఆ ఒక్కదాని భయం లేకపోవడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఒళ్ళు మండి ఓసారి అడిగాను కూడా.

"నా వేళ్ళకి నేను భయపడతానా ఏంటే? ఇవీ అంతే" అంది.

అలాగని వాటి విషయంలో అజాగ్రత్త లేదు. పని అవగానే ఎర్ర గుడ్డ దిండులో వరుసలుగా గుచ్చి పెడుతుంది. వరుసలో ఖాళీ కనబడిందా, ఇక ఇల్లంతా చెప్పులు వేసుకుని తిరగాల్సిందే. అయస్కాంతం ముక్క పట్టుకుని ఆవిడ నేలంతా పాకుతుంది, దొరికేదాకా మాకెవరికీ కాఫీ ఉండదు.

ఏడాది చివరి సెలవుకి వదిన, అంటే మా ఆయన అక్క, తన కవల పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఆ సాయంత్రం భోజనానికి అత్తయ్య చేసేది ఎప్పుడూ ఒకటే. నిన్నటి బ్రెడ్డు, ఉడికించిన బంగాళాదుంపలు, మిరియాల పొడి వేసి వేయించిన క్యాబేజీ, వీటిని లోతైన ట్రేలో పొరలు పొరలుగా పేర్చి, గుడ్లు గిలకొట్టిన పాలు పోసి, పైన చీజు తురుము చల్లి ఓవెన్‌లో పెడుతుంది. ఆ చీజు ఎంత పలచగా ఉంటుందంటే మావయ్య కళ్ళజోడు తెప్పించుకుని వెతుకుతారు. మనుషులు పెరిగితే ఇంకో పొర బ్రెడ్డు పెరుగుతుంది, అంతే. ఖర్చు తక్కువ, కడుపు నిండుతుంది. దానికి పేరంటూ లేదు, మేమంతా "ట్రే" అంటాం. నిజం చెప్పాలంటే నాకు భలే ఇష్టం.

కిందటేడు గుడ్డు వాసనేదో తేడాగా ఉందని ఆవిడకి అనుమానం వచ్చింది. ట్రే మొత్తం బయట పారబోసింది. సెలవు రోజున అందరం బిస్కెట్లు తిని పడుకున్నాం. అందుకే ఈసారి వదిన ముందే ఫోన్ చేసి, "అమ్మా, ఈ ఏడు కూడా పస్తు పెట్టావంటే ఇక పిల్లల్ని తీసుకురాను" అంది. నవ్వుతూనే అంది. అత్తయ్య మాత్రం నవ్వలేదు, రెండు రోజులు ఆ మాటే నెమరేసుకుంది.

సెలవు రోజు మధ్యాహ్నం, క్యాబేజీ పొయ్యి మీద ఉండగా, పక్క వీధి టీచరమ్మ పరుగున వచ్చింది. విందుకి వేసుకెళ్ళాలి, గౌను పొడుగైంది, ఇప్పటికిప్పుడు మడిచి కుట్టాలి. పొయ్యి వదిలి రాలేక అత్తయ్య ఆవిణ్ణి వంటింట్లోకే రమ్మంది. నేను కవలల తగువు తీరుస్తూ అటు వెళ్ళి చూస్తే, ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో గౌను అంచు, నోట్లో గుండుసూదులు. చూసి నవ్వుకుని వచ్చేశాను.

సాయంత్రం ట్రే బల్ల మీదికి వచ్చింది. పైన ఎర్రగా వేగి, పక్కల నుంచి పాలు ఇంకా బుసబుసలాడుతున్నాయి. వడ్డించడం మొదలుపెట్టాం. "మీరు కానివ్వండి, మధ్యాహ్నం మిషను సర్దనేలేదు, సర్దేసి వస్తా" అని అత్తయ్య ముందు గదిలోకి వెళ్ళింది.

అక్కడి నుంచే కేక వినబడింది.

"తినకండి! ఎవరూ నోట్లో పెట్టకండి!"

"వచ్చేసింది. ఏటా వచ్చే కేక వచ్చేసింది" అన్నారు మావయ్య ప్లేటు ముందుకి లాక్కుంటూ. "ఈసారి ఎవరికి బాగాలేదు? బంగాళాదుంపకి జ్వరమా?"

అత్తయ్య గుమ్మంలో ఎర్ర దిండు పట్టుకుని నిలబడింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"గుండుసూది ఒకటి లేదండీ."

మావయ్య చేతిలో స్పూను అలాగే ఆగిపోయింది. వదిన కవలల చేతుల్లోంచి స్పూన్లు లాగేసింది. నేను నా కూతురి వైపు తిరిగాను. దాని ప్లేటులో ఒక మూల అప్పటికే గుంట పడి ఉంది.

"తిన్నావా?"

"ఒక్క స్పూనే అమ్మా. కాలుతోందని గబుక్కున మింగేశా."

దాని నోరు తెరిపించి దీపం కిందికి లాక్కెళ్ళి చూశాను. ఏం కనబడుతుంది? ఎర్రటి గొంతు తప్ప. అది "అమ్మా, నొప్పి" అంటే నా వేళ్ళు దాని దవడల మీద ఎంత గట్టిగా ఉన్నాయో తెలిసింది.

మా ఆయన అయస్కాంతంతో వంటిల్లంతా తుడిచాడు. లేదు. టీచరమ్మకి ఫోన్ చేశాం. పాపం ఆవిడ విందు మధ్యలో లేచి, గదిలోకి వెళ్ళి గౌను విప్పి దులిపి చూసి, లేదంది. ఇక మిగిలింది ట్రే. అయస్కాంతం పైన తిప్పితే ఏమీ అంటుకోలేదు. లోపలి పొరల సంగతి ఎవరికి తెలుసు?

అత్తయ్య రెండు చేతులూ ట్రేలో పెట్టేసింది.

"కాలుతుంది అత్తయ్యా! గరిటెతో చూడండి."

"గరిటెకేం తెలుస్తుంది? వేళ్ళకైతే తెలుస్తుంది."

ఒక్కో ముక్కా చిదిమి, వేళ్ళ మధ్య నలిపి, పక్క పళ్ళెంలో వేస్తోంది. మొదట్లో అందులో సూది ఉండకూడదు దేవుడా అనుకున్నాను. సగం ట్రే అయ్యేసరికి, ఉండాలి, అందులోనే ఉండాలి, దొరకాలి అని మొక్కుకుంటున్నాను. అక్కడ లేకపోతే ఇంకెక్కడుందో ఆలోచించే ధైర్యం నాకు లేదు. పాప నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడింది. ట్రే అడుగు కనబడింది. సూది లేదు.

నాకు పిచ్చి కోపం వచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాను! నోట్లో పెట్టుకోకండి, వంటింట్లోకి తేకండి అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! నా పిల్లకి ఏమన్నా అయితే..."

మా ఆయన నా భుజం పట్టుకున్నాడు, విదిలించేశాను. అత్తయ్య ఎర్రబడ్డ వేళ్ళని చూసుకుంటూ నిలబడింది. ఒక చెయ్యి మెల్లగా గొంతు మీదికి వెళ్ళింది.

"అమ్మాయ్... క్యాబేజీ ఉప్పు చూశాను. టీచరమ్మ తొందరపెడుతుంటే నోట్లో సూదులు ఉండగానే చూశాను."

"అయితే?"

"గొంతులో ఏదో గీరుకుంది. బ్రెడ్డు పెచ్చేమో అనుకుని నీళ్ళు తాగా. అప్పటికింకా బ్రెడ్డు ముట్టుకోనేలేదు నేను." ఆవిడ మొహం ఒక్కసారి విప్పారింది. "నేనే! నేనే మింగానే! పాప కాదు, నేనే!"

పోయిన నగ దొరికినంత సంబరంగా చెప్పింది ఆ మాట. పాపని దగ్గరికి లాక్కుని, కాలిన చేతులతోనే తల నిమిరింది. మావయ్య కుర్చీ తోసుకుని ఆవిడ దగ్గరికి వచ్చారు. నోటికొచ్చిన జోకు వేసే మనిషి, "నోరు తెరవ్వే, ఏదీ, నోరు తెరువు" అని మాత్రం అనగలిగారు, కనబడితే చేత్తో తీసేస్తాననే ధీమా ఏదో ఉన్నట్టు. చెప్పులు వేసుకోవడానికి ఆయనకి మా ఆయన సాయం పట్టాల్సి వచ్చింది.

టాక్సీలో ఆసుపత్రికి వెళ్ళాం. అత్తయ్యకీ పాపకీ ఇద్దరికీ ఎక్స్‌రే తీశారు. గుర్తొచ్చింది సరే, ఆ గుర్తు నిజమేనని ఎవరు చెప్పగలరు? బెంచీ మీద పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది కొంచెం దగ్గినా మళ్ళీ నోరు తెరిపించి చూస్తున్నాను. అత్తయ్య నా పక్కన కూర్చుని పాప కాలి బొటనవేలు పట్టుకుని వదల్లేదు. ఇంట్లో నేనన్న మాటలు ఆవిడ ఎత్తనే లేదు.

డాక్టరమ్మ రెండు ఫిల్ములూ వెలుగుతున్న పలక మీద పెట్టింది. ఒకదాంట్లో సన్నటి తెల్ల గీత, చివర చిన్న గుండు.

"కడుపులోకి దిగింది" అంది అత్తయ్యతో. "ఇంకా కిందికి పోతే పేగుకి గుచ్చుకోవచ్చు. ఇప్పుడే గొంతులోంచి గొట్టం వేసి తీసేద్దాం. భయపడకండి."

మావయ్య గోడ పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయారు.

"పాపది?" అంది అత్తయ్య.

"పాపకేం లేదు. సూది మీ కడుపులో ఉందమ్మా."

"నాది సరే డాక్టరమ్మా, నాది తర్వాత. పాపది ఇంకోసారి చూడండి."

డాక్టరమ్మ మళ్ళీ చూసి లేదంది. అది చాల్లేదు. అత్తయ్య ఆ ఫిల్ము చేతిలోకి తీసుకుని, దీపానికి ఎత్తి పట్టి, మనవరాలి మెడ దగ్గర్నుంచి నడుం దాకా ఒక్కో ఎముకనీ వేలితో తడుముతూ చూసుకుంది. చూసి, ఫిల్ము నాకిచ్చి, స్ట్రెచర్ మీద పడుకుంది.

"దీనికి ఆకలేస్తుంటుంది, ఇంటికి తీసుకెళ్ళవే" అంది.

నేను వెళ్ళలేదు. పాపని మా ఆయన చేతికిచ్చి, బొబ్బలెక్కిన ఆ చేతిని పట్టుకుని, లోపలి తలుపు దాకా పక్కనే నడిచాను.