రెండు మొక్కులకు ఒకే కోడె

మా బావ మా అక్కను హత్య చేయలేదు. కోర్టు కాగితాల ప్రకారం ఆమె చావుకు కారణమయ్యాడు, అంతే. ఈ రెండింటికీ ఉన్న తేడాను కరీంనగర్‌లో ఒక వకీలు ఇంటి వరండాలో, చాయ తాగుతూ తేల్చారు. చదువుకున్న ఆడపిల్ల నోరు తెరిస్తే బేరం చెడిపోతుందని నన్ను బయట ఎడ్లబండి దగ్గర కూర్చోబెట్టారు. బండి దగ్గరికి వరండా మాటలు బాగానే వినిపిస్తాయి.

జరిగింది చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అక్క బతుకమ్మ పండుగకు మా ఇంటికి వచ్చింది. దసరా కూడా అయింది. బయలుదేరే రోజున అవ్వ, అంటే మా అమ్మ, "ఇంకొక్కరోజు ఉండు బిడ్డా" అన్నది. అక్క ఉన్నది. మర్నాడు పసి కూతురిని చంకనేసుకుని, అవ్వ కట్టిచ్చిన సత్తుపిండి మూటతో అత్తగారి ఊరు చేరింది. మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్న బావ, ఎందుకింత ఆలస్యమైందని అడిగాడు. "మా అవ్వ ఉండుమన్నది" అని చెప్పింది. అతడు మగ్గం విడిచి లేచి, వంటింట్లోకి పోయి, రోకలి తెచ్చి కొట్టాడు. పక్కింటామె గోడ అవతలి నుంచి మొత్తం విన్నది.

దీన్ని న్యాయశాస్త్రంలో తీవ్రమైన, ఆకస్మికమైన ప్రేరేపణ అంటారని తరువాత తెలిసింది. ఆకస్మికం అనే మాటలో మగ్గం విడిచి లేవడం, వంటింటికి పోవడం, తిరిగి రావడం ఇవన్నీ పడతాయని నేను చదివిన ఏ నిఘంటువులోనూ లేదు. తీవ్రమైన మాట ఏదంటే, "మా అవ్వ ఉండుమన్నది."

వరండాలో మా బాపు, బావ తరఫు వకీలు, రెండు ఊళ్లకూ చెందిన మా కులపెద్ద ఉన్నారు. అక్క పెండ్లి కుదిర్చింది ఈ కులపెద్దే. పిల్లవాడు నెమ్మదస్తుడని అప్పుడు హామీ ఇచ్చినవాడు కనుక ఈసారి కూడా ఆయన మాట మీదే అందరికీ నమ్మకం.

"ఉరి పడ్తే నీకేమొస్తది పెద్దమనిషీ? బిడ్డ తిరిగొస్తదా?" అన్నాడు వకీలు.

బాపు భుజం మీది తువ్వాల తీసి మళ్లీ వేసుకున్నాడు.

"సాక్షి ఒక్కతే. అదీ గోడెనుక నుంచి ఇన్న మనిషి. రేపు బోనెక్కి నాకేం ఎరుకలేదన్నదనుకో, వాణ్ణి సాఫ్‌గ ఇడిసిపెడ్తరు. అప్పుడు నీ మనుమరాలు గూడ ఆళ్ల ఇంటికే పోతది. గిట్లయితే వాడు తప్పు ఒప్పుకుంటడు, సర్కారు వకీలు ఖూనీ అన్న మాట తీసేస్తడు. నాలుగైదేండ్లు లోపలుంటడు. పోరి మీకొస్తది. జర సోంచాయించు."

"పోరి పక్కా మాకేనా?"

"నేనున్న గద," అన్నాడు కులపెద్ద. "నా మాట మీద గూడ ఫికరేనా నీకు?"

బాపుకు ఫికరే. కానీ కావలసింది మనుమరాలు. ఆ పిల్ల ఆ ఇంటికి తిరిగి పోకూడదు. అంతకు మించి ఆయన ఏమీ అడగలేదు. దానికి బదులుగా, బావ అంతకు ముందు కూడా అక్కను కొట్టేవాడన్న సంగతి మా వైపు నుంచి ఎవరూ ఎత్తకూడదు. ఒప్పుకున్నాడు. తరువాత మా పద్ధతి ప్రకారం అందరూ కలిసి కల్లు తాగారు. కలిసి తాగితేనే మాట కుదిరినట్టు. బాపు కూడా తాగి, మూతి తుడుచుకుని, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. దారి పొడుగునా ఎడ్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంటి దగ్గర అవ్వ అప్పటికే వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. మనుమరాలు తన దగ్గరే ఉంటే వచ్చి కోడెను కడతానని.

శిక్ష చెప్పే రోజున కోర్టుకు వెళ్లాము. జడ్జి ఇంగ్లీషులో చదివాడు. వయసు మళ్లిన కోర్టు గుమాస్తా, పేష్కార్, పాత అలవాటు కొద్దీ దాన్ని ముందు ఉర్దూలో చెప్పి, మా ముఖాలు చూసి మళ్లీ తెలుగులో చెప్పాడు. న్యాయం మాకు మూడు భాషల్లో అందింది. ముద్దాయి వయసులో చిన్నవాడు. ఇంతకు ముందు ఏ నేరమూ చేయలేదు. చేసినదానికి పశ్చాత్తాపపడుతున్నాడు. ఈ మాట దగ్గర బావ కండ్లు తుడుచుకున్నాడు, వకీలు ఎప్పుడు తుడుచుకోమన్నాడో అప్పుడే. మృతురాలు ఎదురు మాట్లాడింది. ముద్దాయికి ముసలి తల్లి ఉన్నది. తల్లి లేని పసిబిడ్డ ఉన్నది, ఆ బిడ్డకు తండ్రి తప్ప వేరే దిక్కు లేదు. ఇవన్నీ చూసి, దయతో, ఐదేండ్ల కఠిన కారాగార శిక్ష.

వేరే దిక్కులేని ఆ బిడ్డ బాపు ఒళ్లో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. బేరంలో ఆ పిల్ల మాకు రావలసిన ధర. తీర్పులో అదే పిల్ల అతడి శిక్ష తగ్గడానికి కారణం. ఒకే పిల్లను రెండు చోట్ల వాడుకోవచ్చని వకీలుకు తెలుసు. మాకు తెలియదు. మా అక్క వయసెంతో మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె పేరు కూడా ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

తరువాత ఒక సోమవారం మొక్కు తీర్చడానికి పిల్లను తీసుకుని వేములవాడ పోయాము. అక్కడ కోడెను మనం తోలుకుపోనక్కర్లేదు. దేవస్థానం కోడెలుంటాయి. ఒకదాని తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, గుంజకు కట్టేస్తే మొక్కు తీరుతుంది. కోడెలు చూసే మనిషి దాన్ని విప్పి, వెనుక నిలబడ్డవాళ్లకు ఇస్తాడు. ఆ రోజు జనం ఎక్కువ, కోడెలు తక్కువ.

అవ్వ ఒక చుట్టు తిప్పి గుంజ దగ్గరికి వచ్చింది. ఆ కోడె కోసం ఎదురుచూస్తున్నది మా వియ్యపురాలు, అంటే బావ తల్లి. పక్కన కులపెద్ద. ఆమె కూడా రాజన్నకే మొక్కుకుందట, కొడుక్కు ఉరి తప్పితే కోడెను కడతానని. కట్టేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టనని. రాజన్న ఇద్దరి కోరికా తీర్చాడు. ఎవరినీ నొప్పించకుండా తీర్పు చెప్పడం కోర్టుకే కాదు, దేవుడికీ వచ్చు.

"బాగున్నవా వదినె?" అన్నది ఆమె.

అవ్వ తాడును దగ్గరికి లాక్కుంది.

"పోరి మంచిగ పెరిగింది. అచ్చం మా వాని మొకమే. రానియ్యి వాణ్ణి. జడ్జి సాబే అన్నడు గద, పిల్లకు తండ్రే దిక్కని. వాడు బయటికి రాంగనే తోల్కపోత."

బాపు కులపెద్ద వైపు తిరిగాడు. "మరి గప్పటి మాటేమాయె?"

"మాట మాటే," అన్నాడు కులపెద్ద, గుడి గోపురం వైపు చూస్తూ. "గాని కోర్టు మాట పెద్దది గద."

కల్లు తాగిన మాట కంటే ఇంగ్లీషు మాట పెద్దదని ఆ రోజు తేలింది. అవ్వ కోడెను గుంజకు కట్టలేదు. తాడు మణికట్టుకు చుట్టుకుని, దాన్ని మళ్లీ గుడి వైపు మళ్లించింది.

"ఏందవ్వా, అయిపాయె గద. కట్టెయ్యి," అన్నాడు కోడెల మనిషి.

"ఇంకొక్క సుట్టు."

ఆ చుట్టూ అయింది. అవ్వ ఆగలేదు. వెనుక జనం గొణగడం మొదలుపెట్టారు.

"ఓ ముసలమ్మా, రాజన్న నీ ఒక్కదానికేనా? మేము గూడ పొద్దున్నుంచి నిలవడ్డం!"

"నిలవడుండ్రి," అన్నది అవ్వ. "నా బిడ్డ ఒక్కరోజు ఎక్కువ ఉన్నదని సంపిండ్రు. నేను గింత ఎక్కువ తిరుగుత. నన్నేం జేస్తరో జెయ్యుండ్రి."

జనంలో ఒకామె, "ఎవలు సంపిండ్రే?" అని అడిగింది.

"గీమె కొడుకు," అని అవ్వ తల తిప్పకుండా చెప్పి నడిచింది.

కోర్టులో ఎవరూ అనని మాట గుడి ముందు అనేసరికి అందరి తలలూ అటు తిరిగాయి. వియ్యపురాలు చుట్టూ కొంచెం ఖాళీ ఏర్పడింది. కులపెద్దకు చెప్పులు ఎక్కడ విడిచాడో చూసుకోవలసిన పని గుర్తుకు వచ్చింది. అవ్వ తిరిగి వచ్చేసరికి వియ్యపురాలు గుంజను పట్టుకుని నిలబడి ఉంది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమె పెదవులు ఎండిపోయాయి.

"వదినె, కండ్లు తిరుగుతున్నయి. తాడియ్యి."

"పోరి ఎవలది?"

"గిదేం అడుగుడు వదినె..."

"పోరి ఎవలది జెప్పు."

"నీదే. నీ దగ్గర్నే ఉండనియ్యి."

"నాతోని గాదు. కోడె మీద చెయ్యేసి జెప్పు."

వియ్యపురాలు కోడె మూపురం మీద చేయి వేసింది. చెప్పింది. అవ్వ తాడును గుంజకు కట్టి, రెండు చేతులూ జోడించి, కోడెల మనిషి కోసం ఆగకుండా తానే ముడి విప్పి తాడు ఆమె చేతికిచ్చింది. మా మొక్కు మోసిన కోడె వాళ్ల మొక్కునూ మోసుకుని పోయింది.

బావ పూర్తి కాలం లోపల ఉండలేదు. సత్ప్రవర్తన కింద ముందే వదిలేశారు. జైల్లో ఆయన ఎవరినీ రోకలితో కొట్టలేదని దీని అర్థం అయి ఉంటుంది. విడుదలైన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. లావెక్కాడు.

"నా బిడ్డను తోల్కపోను వచ్చిన," అన్నాడు. "కోర్టే చెప్పింది."

కోర్టు చెప్పలేదని వాదించడానికి నేను లేచాను. అంతలోనే రొప్పుతూ వియ్యపురాలు వచ్చింది. అతడి వెనుకే పరుగెత్తి వచ్చినట్టుంది.

"నడువురా ఇంటికి."

"అవ్వా, నువ్వు నడుమ రాకు..."

"కోడె మీద చెయ్యేసి చెప్పిన. నన్ను పాపంల ముంచకు. నడువంటే!"

హత్యను హత్య కాకుండా చేయగలిగిన మనుషులెవరూ ఆ కోడె సంగతిని మార్చలేకపోయారు. నాకు ఆ కోడె మీద భక్తి లేదు. లెక్క చెప్పవలసి వస్తే మాత్రం, మా కేసులో నిలబడిన మాట అదొక్కటే.

అవ్వ చెంబుతో నీళ్లిచ్చింది. వియ్యపురాలు తాగి, తన కొడుక్కి ఇచ్చింది. మంచి ఎండ. ఎవరైనా సరే, చల్లబడ్డాక పోదురుగాని అంటారు. అక్క పోయినప్పటి నుంచి అవ్వ గడప దిగేవాళ్లను ఎవరినీ ఉండమనలేదు, నన్ను కూడా. వాళ్లిద్దరూ ఎండలోనే పోయారు.

పిల్ల పలక పక్కన పెట్టి లేచింది. "ఎవలమ్మమ్మా ఆళ్లు? నేను గూడ వాకిట్లకు పోయి సూడనా?"

"నువ్వుండు," అన్నది అవ్వ.